కావలి కుక్క నడకను కనిపెట్టుట - కుంటు కుక్కకు వ్యాయామ చికిత్స

సంతలో ఎద్దును కొనబోవు రైతు ముందుగా దానిని కొంత దూరము నడిపించి చూచును. ముందు నుండి ఒకసారి, వెనుక నుండి ఒకసారి, ప్రక్క నుండి ఒకసారి చూచి, డెక్క నేలపై ఎట్లు పడుచున్నదో, నడుము ఎటు ఒరుగుచున్నదో గమనించిన పిమ్మటనే ధర మాటాడును. ఇది మన తాతల నాటి నుండి వచ్చిన విద్య. అయితే ఇదే రైతు తన పొలమునకు కావలి కాయు కుక్క విషయములో ఈ విద్యను ఉపయోగించుట లేదు. కుక్క మూడు కాళ్ళతో గెంతుచున్నను, "ముల్లు గుచ్చుకొని యుండును, దానంతట అదే పోవును" అని ఊరకుండును. కొన్నిసార్లు ఆ మాట నిజమే యగును. కొన్నిసార్లు మాత్రము ఆ ఆలస్యము వలన కాలు పోవును, కుక్క పోవును. ఒక్కొక్కప్పుడు ఇంటిలోని మనిషి ప్రాణమునకే ముప్పు వచ్చును.

సికింద్రాబాదు చుట్టుప్రక్కల మేడ్చల్, శామీర్‌పేట, కీసర ప్రాంతములలో కూరగాయలు, ఆకుకూరలు, మొక్కజొన్న పండించు రైతులు తెల్లవారుజామున సరుకును బోయిన్‌పల్లి మార్కెట్ యార్డునకు తరలింతురు. రాత్రివేళ ఆ తోటలకు కుక్కయే కావలి. అడవిపంది ఒక్క రాత్రిలో చేయు నష్టమెంతో మొక్కజొన్న రైతునకు చెప్పనక్కరలేదు. కుక్క మంచము క్రింద పడియున్న ఇంటి పొలములో పంది నిర్భయముగా తిరుగును. ఇక రాజీవ్ రహదారి వంటి రద్దీ బాటలు దగ్గరగా ఉన్న గ్రామములలో వాహనముల క్రింద పడి కాళ్ళు పోగొట్టుకొను కుక్కలు తక్కువ కాదు. కనుక కుక్క నడకను కనిపెట్టుట, కుంటు కుక్కను తిరిగి నడిపించుట అనునవి పట్టణములోని ధనవంతుల ముచ్చట మాత్రమే కాదు, సేద్యములో భాగమే.

ఈ వ్యాసము వ్రాయువాడు సస్యశాస్త్రము బోధించువాడు, పశువైద్యుడు కాడు. ఇందు రోగమునకు మందు చెప్పుట లేదు. పైరును దినదినము చూచి, ఆకు రంగు మారిన నాడే గుర్తించు రైతు కన్ను కుక్కపై కూడా ఎట్లు ప్రసరింపవలెనో, వైద్యుడు చూచిన పిమ్మట ఇంటివద్ద రైతు చేయగల పని యేదో మాత్రమే ఇందు వివరింపబడినది.

పరిశీలన విలువ

సికింద్రాబాదువారికి పరిశీలన యొక్క విలువను వేరుగా చెప్పనవసరము లేదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఇచ్చటనే, బేగంపేటలో, దోమ పొట్టను సూక్ష్మదర్శినితో ఓపికగా చూచి మలేరియా క్రిమిని కనుగొనెను. అందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. ఆయన వద్ద ఉండిన ముఖ్య సాధనములు ఒక సూక్ష్మదర్శిని, ఒక నోటు పుస్తకము, విసుగులేని కన్ను.

జంతువుల నడక విషయములో కూడా ఇట్లే జరిగినది. పరుగెత్తు గుర్రమునకు నాలుగు కాళ్ళును ఒకేసారి నేలను విడుచునా, విడువవా యని చాలకాలము వాదము నడిచెను. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు వరుసగా కెమెరాలు నిలిపి, పరుగెత్తు గుర్రమును ఫొటోలు తీసి, విడుచునని రుజువు చేసెను. తరువాత 1887లో ఆయన ప్రకటించిన ఫొటోలలో కుక్కల నడకలు కూడా ఉన్నవి. మన కన్ను ఒంటరిగా పట్టలేని వేగములు కొన్ని కలవని దీనివలన తెలిసినది. ఆనాడు వరుస కెమెరాలు కావలసి వచ్చెను. నేడు మీ జేబులోని సెల్‌ఫోను ఆ పని చేయును. కుక్క నడకను వీడియో తీసి, నెమ్మది వేగములో తిప్పి చూచినచో కంటికి అందని కుంటు కూడా కనబడును.

ఆరోగ్యవంతమైన నడక ఎట్లుండును?

జబ్బు మొక్కను గుర్తించుటకు ముందు మంచి మొక్క యెట్లుండునో తెలియవలెను. కుక్క విషయమును అంతే.

కుక్క నిలిచియున్నప్పుడు దాని బరువులో ఇంచుమించు 60 పాళ్ళు ముందు కాళ్ళపైనను, 40 పాళ్ళు వెనుక కాళ్ళపైనను ఉండును. ముందు కాళ్ళు మొండెమునకు ఎముకల కీలుతో గాక కండరములతోనే అతుకబడి యుండును. కనుక అవి బండికి స్ప్రింగుల వలె బరువును, అదురును తట్టుకొనును. వెనుక కాళ్ళు తుంటి కీలు ద్వారా గట్టిగా అమర్చబడి, బండిని ముందుకు నెట్టు పని చేయును. ముందు కాలు చెడినచో అదురు తట్టుకొను శక్తియు, వెనుక కాలు చెడినచో లేచు శక్తి, దూకు శక్తియు తగ్గును.

కుక్కకు ముఖ్యముగా మూడు రీతుల కదలిక కలదు.

మొదటిది మామూలు నడక. ఇందు నాలుగు పాదములు ఒకదాని తరువాత ఒకటిగా నేలను తాకును. చెవితో వినినచో నాలుగు దెబ్బలు సమానముగా వినబడును.

రెండవది నెమ్మది పరుగు. ఇందు కుడి ముందు కాలు, ఎడమ వెనుక కాలు జంటగాను, తరువాత ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు జంటగాను పడును. వినబడునవి రెండు దెబ్బలే. రెండు ప్రక్కలు సమానముగా కదలవలసిన పరుగు కనుక, కుంటును కనిపెట్టుటకు ఇది అన్నిటికంటె మేలైనది.

మూడవది దౌడు. ఇందు వేగము ఎక్కువ, లోపము తెలియుట తక్కువ. పందిని తరుముచు దౌడు తీయు కుక్క నొప్పిని మరచును. కనుక "పరుగెత్తుచునే యున్నది, ఏమియు లేదు" అని నిశ్చయింపరాదు.

పరిశీలించు విధానము

ఉదయము చల్లని వేళ, కుక్క అలసి యుండనప్పుడు, గట్టిగా, చదునుగా, జారుడు లేకుండ ఉన్న నేలను ఎన్నుకొనవలెను. కళ్ళము లేక బండి బాట యైనను చాలును. పదునైదు ఇరువది అడుగుల దూరము ఒకరు కుక్కను మెడత్రాడుతో నడిపింపవలెను. త్రాడు వదులుగా ఉండవలెను, బిగించినచో తల కదలిక తెలియదు. మరొకరు ఎదురుగా, వెనుకగా, ప్రక్కగా నిలిచి వరుసగా చూడవలెను. మొదట నడకలోను, పిమ్మట నెమ్మది పరుగులోను చూడవలెను.

1. తల: ముందు కాలిలో నొప్పి యున్నచో, ఆ కాలు నేలను తాకినప్పుడు కుక్క తలను పైకెత్తును, మంచి కాలు తాకినప్పుడు తలను దించును. తల దిగినప్పుడు నేలపై ఉన్న కాలే మంచి కాలు అని గుర్తుంచుకొనుడు. చాలమంది దీనిని తారుమారుగా తలచి మంచి కాలిని వెదకుచుందురు.

2. తుంటి: వెనుక నుండి చూచినప్పుడు రెండు తుంటి ఎముకలు సమానముగా లేచి దిగవలెను. నొప్పి గల కాలి వైపు తుంటి, ఆ కాలు నేలను తాకినప్పుడు ఎగిరినట్లు పైకి లేచును.

3. అడుగు పొడవు: నొప్పి గల కాలు నేలపై తక్కువ సేపు నిలుచును. కనుక దాని అడుగు పొట్టిగా ఉండును.

4. రెండు వెనుక కాళ్ళు కలిపి కుందేలు వలె గెంతుట: ఇది ఎక్కువగా తుంటి కీళ్ళ లోపమును సూచించును.

5. పాదము ఈడ్చుట: గోళ్ళ పైభాగము అరిగియున్నను, పాదము మడిచి పైచర్మముపై అడుగు వేయుచున్నను, అది నరముల లేక వెన్నుపూస లోపము కావచ్చును. నిలిచియున్న కుక్క పాదమును మెల్లగా మడిచి పైభాగమును నేలకు ఆనించి విడువుడు. ఆరోగ్యవంతమైన కుక్క వెంటనే పాదమును సరిచేసికొనును. ఆలస్యము చేసినచో వైద్యునకు తప్పక చూపవలెను.

6. కూర్చుండుట, లేచుట: నడకలో కనబడని లోపము ఇందు బయటపడును. ఒక కాలిని ప్రక్కకు చాచి కూర్చుండు కుక్కకు మోకాలిలో బాధ ఉండవచ్చును. ముందు కాళ్ళతో ఈడ్చుకొని లేచు కుక్కకు వెనుక భాగములో బలము తగ్గినదని తెలిసికొనవలెను.

వానకాలములో మరొక సులభోపాయము కలదు. మడి గట్టుపై తడి మట్టిలో కుక్క అడుగుజాడలను చూడుడు. జాడల లోతు, వాటి మధ్య దూరము రెండు ప్రక్కల సమానముగా ఉండవలెను. ఒక జాడ తేలికగాను, గోరు గీత పొడవుగాను ఉన్నచో ఆ కాలే పరీక్షింపవలసిన కాలు.

కుంటుటకు కారణములు

కుంటు అనునది రోగము కాదు, రోగ లక్షణము. ఆకు పసుపుబారినంత మాత్రమున నత్రజని లోపమే యని చెప్పలేము గదా! నీటి ముంపు కావచ్చును, వేరు కుళ్ళు కావచ్చును, ఇనుము లోపమైనను కావచ్చును. అట్లే కుంటునకు పలు కారణములు కలవు.

పాదము: మొట్టమొదట పాదమునే చూడవలెను. వేళ్ళ సందులలో పల్లేరు ముళ్ళు, తుమ్మ ముళ్ళు, ఉత్తరేణి గింజలు, గోమార్లు, విరిగిన గోరు ఉన్నవేమో వెదకవలెను. బొచ్చు కుక్కలలో వేళ్ళ నడుమ మట్టి గడ్డ కట్టి గాయము చేయును.

ఎముకలు, కీళ్ళు: దెబ్బ వలన ఎముక విరుగుట, కీలు తొలగుట, మోకాలి లోపలి బంధనము తెగుట, ముసలి కుక్కలలో కీళ్ళ వాతము ముఖ్యమైనవి.

ఆహార లోపము: వట్టి అన్నము, మజ్జిగతో పెరుగు కుక్కపిల్లల కాళ్ళు వంకర పోవుట మన పల్లెలలో కనబడును. ఎముక లేని మాంసము మాత్రమే పెట్టినను సున్నపు పాలు చాలదు. అట్లని సున్నపు మందులు ఇష్టము వచ్చినట్లు పోయుటయు హానియే. ముఖ్యముగా పెద్ద జాతి పిల్లలకు అది కీళ్ళను చెరచును. ఎరువు వలెనే ఇదియు మోతాదు ఎరిగి వేయవలసినది.

గోమారి జ్వరము: గోమార్ల వలన వచ్చు జ్వరములలో కీళ్ళు వాచి, నేడు ఒక కాలు, రేపు మరొక కాలు కుంటును. జ్వరము, నీరసము, చిగుళ్ళు పాలిపోవుట తోడుగా ఉండును. కుక్క శరీరపు మామూలు వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. మన కొలతతో చూచి దానిని జ్వరమనుకొనరాదు.

పురుగు మందుల విషము: ఇది సస్యశాస్త్రజ్ఞులకును, రైతులకును ప్రత్యేకముగా పట్టవలసిన సంగతి. పిచికారి చేసిన డబ్బాను, మందు కలిపిన నీటిని కుక్క నాకుట తరచు జరుగును. ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందుల వలన చొంగ కారుట, కంటిపాప చిన్నదగుట, కండరములు అదురుట, తూలుచు నడచుట కలుగును. ఇట్టి కుక్కకు ఏ కాలు కుంటుచున్నదని చూచుచు కూర్చుండరాదు. గడియలలో ప్రాణము పోవును. మందు డబ్బాను, దానిపై ఉన్న చీటీతో సహా తీసికొని వెంటనే పశువైద్యశాలకు పోవలెను. మందు పేరు తెలిసినచో విరుగుడు త్వరగా దొరకును.

ముఖ్య హెచ్చరిక: పిచ్చికుక్క వ్యాధి

నడకలో మార్పు రేబిస్ వ్యాధికి కూడా చిహ్నము కావచ్చును. ఈ వ్యాధిలో కుక్క ఎల్లప్పుడు మీదపడి కరచునని అనుకొనుట పొరపాటు. ఒక రకములో కుక్క మూలను పడియుండును. వెనుక కాళ్ళు పట్టు తప్పును, క్రింది దవడ వ్రేలాడును, చొంగ కారును, గొంతు మారును. గొంతులో ఎముక అడ్డుపడినదని తలచి నోటిలో చేయి పెట్టువారు కలరు. అట్లు ఎన్నడును చేయరాదు.

కారణము తెలియకుండ హఠాత్తుగా నడక చెడిన కుక్కను, అందును టీకా వేయింపని కుక్కను, తాకక, పిల్లలను దగ్గరకు పోనీయక, పశువైద్యునికి తెలుపవలెను. కరచినను, గీరినను, గాయముపై చొంగ పడినను, ఆ చోటును పారు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆస్పత్రికి పోయి టీకాలు పూర్తిగా వేయించుకొనవలెను. పసరులు, సున్నము, కారము పట్టింపరాదు. లక్షణములు బయటపడిన పిమ్మట ఈ వ్యాధి నుండి బ్రతుకుట ఇంచుమించు లేదు. కుక్కపిల్లకు మూడు నెలల వయస్సున టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పినట్లు మరల మరల వేయించుట చౌకయైన రక్షణ. 1885లో పాశ్చర్ పండితుడు మొదటిసారి ఒక బాలునకు ఈ టీకా ఇచ్చిన జూలై 6వ తేదీని ఏటేట జంతువుల నుండి మనుష్యులకు సోకు వ్యాధుల దినముగా జరుపుచున్నారు. ఆనాడు పలు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. ఆ అవకాశమును వినియోగించుకొనవలెను.

వ్యాయామ చికిత్స అనగానేమి?

మనుష్యులకు కాలు విరిగి కట్టు విప్పిన పిమ్మట ఫిజియోథెరపీ చేయించుట మీరెరిగినదే. కదలక పడియున్న కాలి కండరము త్వరలోనే సన్నబడును, కీలు బిగుసుకొనును. ఎముక అతికినను కాలు పని చేయదు. దీనిని నివారించుటకు కాపడము, మర్దన, కీళ్ళను ఆడించుట, క్రమముగా నడిపించుట అను పద్ధతులను కుక్కలకును వాడుచున్నారు. వీటికి ఖరీదైన యంత్రములు లేకున్నను చాలవరకు ఇంటివద్దనే చేయవచ్చును. కాని ఒక నియమము: ఎముక విరుగలేదని, కీలు తొలగలేదని వైద్యుడు చెప్పిన తరువాతనే, లేక ఆయన కట్టు విప్పి అనుమతించిన తరువాతనే మొదలు పెట్టవలెను. హైదరాబాదులోని పశువైద్యశాలలలో ఎక్స్‌రే తీయించు వీలున్నది. రాజేంద్రనగరులో పశువైద్య కళాశాల కలదు.

మనుష్యుల నొప్పి మాత్రలను కుక్కకు ఇయ్యరాదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మొదలగునవి మనకు మేలు చేయునను ధైర్యముతో కుక్క నోట వేసి, కడుపులో పుండ్లు, మూత్రపిండములు, కాలేయము చెడి చంపుకొనినవారు కలరు. కాలు కుంటి బ్రతుకవలసిన కుక్క మాత్రతో చచ్చుట కంటె విచారమేమున్నది?

చికిత్స దశలు

మొదటి దశ - మొదటి మూడు దినములు: దెబ్బ తగిలిన వెంటనే విశ్రాంతి ముఖ్యము. కుక్కను చిన్న కొట్టములోనో, పొట్టి త్రాటితోనో ఉంచి, మల మూత్రములకు మాత్రమే బయటకు తీసికొని పోవలెను. వాచిన చోట మంచు ముక్కలను గుడ్డలో చుట్టి పది నిమిషములు, దినమునకు మూడు నాలుగు సార్లు ఉంచవలెను. మంచును నేరుగా చర్మమునకు తగిలింపరాదు. ఈ దశలో వేడి కాపడము, గట్టి మర్దన పనికిరావు.

రెండవ దశ - వాపు తగ్గిన పిమ్మట: గోరువెచ్చని తడి గుడ్డతో పది నిమిషములు కాపడము పెట్టవలెను. గుడ్డను ముందు మీ ముంజేతికి ఆనించి వేడిని చూచుకొనుడు. తరువాత పాదము నుండి గుండె వైపునకు అరచేతితో మెల్లగా నిమురుచు మర్దించవలెను. పిమ్మట కుక్కను మంచి ప్రక్కపై పరుండబెట్టి, ఒక చేతితో కీలుకు పైన, మరొక చేతితో కీలుకు క్రింద పట్టుకొని, ఒక్కొక్క కీలును నొప్పి లేనంతవరకు మాత్రమే ముడిచి చాచవలెను. ఒక్కొక్క కీలుకు పది సార్లు, దినమునకు రెండు మూడు పర్యాయములు చాలును. కుక్క తల త్రిప్పి చూచినను, పెదవులు నాకుకొనినను, కాలు లాగుకొనినను, అచ్చటనే ఆపుమని చెప్పుచున్నదని గ్రహింపవలెను. నొప్పి గల కుక్క యజమానునైనను కరచును. కనుక అవసరమైనచో మెత్తని గుడ్డ పీలికతో మూతిని కట్టవచ్చును. వాంతి చేసికొను కుక్కకు, శ్వాస కష్టముగా ఉన్న కుక్కకు కట్టరాదు.

మూడవ దశ - నిలుచుట: గోనెపట్ట పరచి కుక్కను నిలువబెట్టి, తుంటికి ఇరువైపుల చేతులుంచి అటు నిటు కొద్దిగా ఒరిగించవలెను. దీనివలన జబ్బు కాలు బరువు మోయుట నేర్చును. వెనుక కాళ్ళు చాలనిచో పొట్ట క్రింద తువ్వాలు వేసి పైకి పట్టి సాయము చేయవలెను. తరువాత రొట్టె ముక్క చూపి కూర్చుండబెట్టి లేపుట అను వ్యాయామమును అయిదారు సార్లు చేయించవలెను. తొడ కండరమునకు ఇంతకు మించిన వ్యాయామము లేదు.

నాలుగవ దశ - నడక: మెడత్రాడుతో, మిక్కిలి నెమ్మదిగా, అయిదేసి నిమిషములు దినమునకు మూడు సార్లు నడిపింపవలెను. వేగముగా నడచినచో కుక్క జబ్బు కాలిని ఎత్తి మూడు కాళ్ళతో పోవును. నెమ్మదిగా నడచినప్పుడే నాలుగవ కాలిని దించును. వారమునకు అయిదు నిమిషముల చొప్పున పెంచవలెను. బాగుగా నడచుచున్న పిమ్మట నేలపై నాలుగైదు వెదురు కర్రలను అడుగున్నర దూరమునకు ఒకటిగా పరచి వాటిపై దాటింపవలెను. ప్రతి పాదమును చూచి ఎత్తుట అలవాటగును. అటు తరువాత చిన్న గట్లను ఎక్కించి దింపవచ్చును.

నీటి నడక: నీరు శరీరపు బరువును మోయును. నిలిచియున్న కుక్కకు మోకాలి వరకు నీరున్నచో కాళ్ళపై పడు బరువు మామూలు బరువులో ఇంచుమించు 85 పాళ్ళునకును, తుంటి వరకు నీరున్నచో 38 పాళ్ళునకును తగ్గునని పరిశోధనలో తేలినది. పట్టణములలో దీనికి నీటి తొట్లు, కదలు పట్టాలు గల యంత్రములు వాడుదురు. రైతునకు శుభ్రమైన పంట బోదె, నెమ్మదిగా పారు నిస్సారమైన కాలువ చాలును. మనిషి ప్రక్కన నడువవలెను. బావులలోను, లోతైన గుంటలలోను, పురుగు మందు కడిగిన నీటిలోను దింపరాదు. కుట్లు మానక ముందు నీటిలోనికి తీసికొని పోరాదు.

అన్ని దశలకు ఒకే కొలబద్ద: మరునాటి ఉదయము కుక్క నిన్నటి కంటె ఎక్కువ కుంటినచో పని ఎక్కువైనదని అర్థము. దానిని సగమునకు తగ్గింపవలెను. ఎండ వేళ వ్యాయామము కూడదు. నేలపై మీ అరచేతిని ఆనించి ఉంచలేనంత వేడి ఉన్నచో కుక్క పాదమునకును అది వేడియే.

ఒక ఉదాహరణ

శామీర్‌పేట ప్రాంతపు తోటలో పన్నెండు కిలోల ఊరకుక్క ఒకటి గట్టు దూకి, కుడి వెనుక కాలిని ఎత్తి వచ్చినదనుకొందము. మొదట పాదము చూడవలెను. ముల్లు లేదు, గోరు విరుగలేదు. విషము తిన్న లక్షణములు లేవు, టీకా వేసియున్నది, దూకినది కన్నులారా చూచినదే. ఎముక వంకర పోలేదు, కాని మోకాలు కొంచెము ఉబ్బినది. రెండు దినములలో వేలి కొనలను మాత్రము నేలకు ఆనించుచున్నది. కూర్చుండునప్పుడు కాలిని ప్రక్కకు చాచుచున్నది. ఇప్పుడు రైతు వైద్యునితో "కుక్క కుంటుచున్నది" అని మాత్రమే చెప్పుటకును, "గట్టు దూకిన నాటి నుండి కుడి వెనుక కాలు, మోకాలి వద్ద వాపు, వేలి కొనలు మాత్రము ఆనించును, కాలు చాచి కూర్చుండును" అని చెప్పి వీడియో చూపుటకును ఎంత భేదము! మోకాలి బంధనము తెగినదేమో యని వైద్యుడు వెంటనే ఆ దిక్కున పరీక్షించును.

ఇట్టి చిన్న కుక్కలలో పలుమార్లు కొన్ని వారముల విశ్రాంతి, క్రమ వ్యాయామముతో శస్త్రచికిత్స లేకనే కాలు పనికి వచ్చును. బరువైన కుక్కలలో తరచు శస్త్రచికిత్స కావలసి వచ్చును. ఏది కావలెనో వైద్యుడు నిర్ణయించును. రైతు పని ఆ వారములలో ఓపిక పట్టుట. రెండు వారములకే కుక్క ఉత్సాహముగా ఉన్నదని గొలుసు విప్పి పందుల మీదికి విడిచినచో, అంతవరకు పడిన శ్రమ ఒక్క రాత్రిలో వ్యర్థమగును. చిరుపొట్ట దశలో నీరు కట్టి గింజ దశలో ఎండగట్టిన వరి వంటిదే ఈ సంగతి.

నోటు పుస్తకము

మీరు పంట ఖర్చు వ్రాయు పుస్తకములోనే ఒక పుట కుక్కకు కేటాయించుడు. వారమునకు ఒకసారి తేదీ వేసి, కుంటు ఎంతయున్నదో అంకెతో వ్రాయుడు: కుంటు లేనిచో 0, నెమ్మది పరుగులో మాత్రమే కనబడినచో 1, నడకలోను కనబడినచో 2, వేలి కొనలు మాత్రమే ఆనినచో 3, కాలు దింపనే దింపనిచో 4. దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలతను ఒకే చోట కొలిచి వ్రాయుడు. అంకె తగ్గుచు, సన్నని తొడ మంచి తొడకు సమీపించుచున్నచో చికిత్స సాగుచున్నది. మూడు వారములైనను మార్పు లేనిచో మరల వైద్యునకు చూపవలెను.

లేవలేని కుక్క

వెన్నుపూస దెబ్బతిని లేవలేని కుక్కను గడ్డి నింపిన గోనె సంచులపై పరుండబెట్టి, నాలుగు గంటలకు ఒకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో ఎముక ఒరసిన చోట పుండ్లు పడును. మల మూత్రములతో తడిసిన పడకను వెంటనే మార్చవలెను. మూత్రము పోయుట లేదని కనిపెట్టినచో ఆనాడే వైద్యుని వద్దకు పోవలెను. పాదపు వేళ్ళను గిల్లినప్పుడు కుక్క బాధతో తల త్రిప్పి చూచుచున్నచో ఆశ కలదు. అట్టి కుక్కలు వారముల తరబడి చేసిన సేవ వలన లేచి నడచుట కలదు. బాధయే తెలియనిచో ఆశ మిక్కిలి తక్కువ. ఇంత చేసినను కొన్ని కుక్కలు లేవవు. అప్పుడు దానిని రోడ్డు ప్రక్కనో, మార్కెట్ వెనుకనో విడిచి వచ్చుట ధర్మము కాదు. బాధ లేకుండ ఏమి చేయవలెనో వైద్యునితో మాటాడి నిర్ణయింపవలెను. పది సంవత్సరములు మన చేనును కాచిన ప్రాణికి మనము చెల్లింపవలసిన చివరి కూలి అదియే.

గుర్తుంచుకొనవలసిన అంశములు

1. వారమునకు ఒకసారి కుక్కను నెమ్మదిగా పరుగెత్తించి, ముందు, వెనుక, ప్రక్కల నుండి చూడుడు.

2. ముందు కాలి కుంటులో, తల దిగినప్పుడు నేలపై ఉన్నది మంచి కాలు.

3. కుంటు కనబడిన నాడే పాదమును పరీక్షింపుడు. కాని హఠాత్తుగా నడక చెడి, దవడ వ్రేలాడి, చొంగ కార్చు కుక్కను తాకకుడు.

4. పురుగు మందు డబ్బాలను, కలిపిన నీటిని కుక్కకు అందనీయకుడు.

5. మనుష్యుల నొప్పి మాత్రలు ఇయ్యకుడు.

6. మొదట చల్లదనము, తరువాత వెచ్చదనము. మొదట విశ్రాంతి, తరువాత నెమ్మది నడక. ఈ వరుసను తప్పకుడు.

7. వైద్యుని వద్దకు పోవునప్పుడు వీడియోను, నోటు పుస్తకమును తీసికొని పోవుడు.

ఈ పనులలో దేనికిని పెద్ద ఖర్చు లేదు. కావలసినది దినమునకు అరగంట కాలము, చూచు కన్ను, తొందరపడని చేయి. పొలమునకు పోవునప్పుడు మీ ముందు నడచు కుక్కను రేపు ఉదయము నూరడుగుల దూరము శ్రద్ధగా చూడుడు. నాలుగు కాళ్ళును సమానముగా పడుచున్నచో సంతోషము. పడనిచో, వేళ మించకముందే తెలిసికొనిన వారగుదురు.